బిలంలో ముర్రాట

మా నాన్న ఫోటో స్టూడియోలో గోడకెక్కే ఫోటోలు రెండే రకాలు. దేవుళ్ళవి, పోయినవాళ్ళవి. పెళ్ళి ఫోటోలు ఆల్బంలోకి పోతాయి, పాస్‌పోర్టు సైజువి దరఖాస్తుల మీదికి పోతాయి. పెద్దగా చేయించి, ఫ్రేము కట్టించి, బొట్టు పెట్టి దండ వేసేది మాత్రం ఆ రెంటికే. నరసన్నపేటలో మా షాపుకి ఎవరైనా పాత ఫోటో పట్టుకొచ్చి "దీన్ని పెద్దది సెయ్యండి బావూ" అంటే, మా నాన్న ఫోటో చూడకుండా ముందు ఆ మనిషి ముఖం చూసేవాడు. సంగతి అక్కడే తెలిసిపోయేది. చిన్నప్పుడు నేనొకసారి ఆటకి ఆయన ఫోటోకే బంతిపూల దండ వేశాను. మా అమ్మ చూసింది. ఆ రోజు నా వీపు విమానం మోత మోగింది. బతికున్న మనిషికి దండేస్తావా అని కొడుతూ ఏడ్చింది, ఏడుస్తూ కొట్టింది.

ఆ స్టూడియో ఇప్పుడు నాది. నేను నీళ్ళలో దిగి ఫోటోలు తీయడం మాత్రం పెళ్ళిళ్ళ పుణ్యమే. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే పిచ్చి బాగా ముదిరిన రోజుల్లో, ఒక జంట స్విమ్మింగ్ పూల్ అడుగున చేతులు పట్టుకుని నిలబడ్డట్టు కావాలన్నారు. పెళ్ళికూతురి చీర నీళ్ళలో గొడుగులా లేచిపోయింది. పెళ్ళికొడుకు ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గు. ఒక్క ఫోటో పనికిరాలేదు. వాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోయారు గానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నాకు చేతకాని పని ఒకటుందని తెలిస్తే నాకు కోపం వస్తుంది, అదీ నా రోగం. విశాఖ వెళ్ళి వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం నేర్చుకున్నాను.

నేర్పినవాడిది భావనపాడు. చేపల వేట మీద బతికే ఇల్లు. "మా నాయిన నీటి మీద బతికినాడు, నాను నీటి కింద బతుకుతన్నాను" అని నవ్వేవాడు. నన్ను అక్కా అనేవాడు. గుహల్లో దిగడానికి వేరే చదువుంది. అది కూడా అతనే పట్టుబట్టి నేర్పించాడు. సముద్రంలో ఏదైనా తేడా వస్తే పైకి తేలొచ్చు. గుహలో పైన ఉండేది రాయి. అందుకని వెళ్ళేటప్పుడు ఒక తాడు పరుచుకుంటూ వెళ్ళాలి, ఆ తాడు పట్టుకునే తిరిగి రావాలి. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ప్రాణానికి. కాళ్ళు కిందికి కొడితే అడుగున ఉన్న మట్టి లేచి ఏమీ కనపడదు కాబట్టి కప్పలా పక్కలకి ఈదాలి. ఇవన్నీ నేర్చుకుంటున్నప్పుడు ఏదో ఒక రోజు మా పెద్దమ్మ ఊళ్ళోనే ఈ చదువు అక్కరకొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఆమె ఊరు బొబ్బిలి దాటాక కొండల వారన ఉంటుంది. ఊరి వెనక కొండ మొదట్లో ఒక గుహ. దాన్ని అమ్మోరి బిలం అంటారు. రాళ్ళ మీదుగా కొంచెం కిందికి దిగితే నీళ్ళు. ఆ నీళ్ళు ఒక రాతి గడప కింద నుంచి బయటికొచ్చి గెడ్డగా, అంటే చిన్న వాగులా, పారతాయి. ఊరు తాగేది అవే, నారుమళ్ళు తడిపేది అవే. నేను చిన్నప్పుడు సెలవలకి వెళ్తే ఆ నీళ్ళు దోసిట్లో పట్టి తాగేదాన్ని, పళ్ళు జివ్వుమనేవి.

కొండకి అవతలి వైపు కంకర క్వారీ వచ్చింది. పేలుడు పెట్టినప్పుడల్లా పెద్దమ్మ ఇంట్లో గూట్లో గిన్నెలు కదిలేవి. అది వచ్చినప్పటి నుంచి వేసవిలో ఊట సన్నబడుతూ వచ్చింది. ఇప్పుడు వాళ్ళు కొండ ఇవతలి వైపు కూడా తవ్వుతామని అనుమతి అడిగారు. ఊరివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. క్వారీవాళ్ళది ఒకటే పాట: మీ ఊట పొలాల వైపు నుంచి వస్తోంది, మా కొండకీ దానికీ సంబంధం లేదు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కాదనడానికి ఊరివాళ్ళ దగ్గర మాత్రం ఏముంది? లోపలికి దిగి చూసిన మనిషి ఒక్కడూ లేడు. కొండ నుంచే నీరొస్తోందని తేలితే అనుమతి ఆగుతుంది. తేలకపోతే ఇవతల కూడా పేలుళ్ళు మొదలవుతాయి, ఆ తర్వాత ఊట ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.

అది తేల్చడానికి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చారు. భూమిలోపలి నీళ్ళ మీద పనిచేసే మనిషి. నీరు కదలడం కంటికి కనపడదు, అందుకని కొంచెం రంగు కలిపి అది ఎటు పోతుందో చూస్తామని ఊళ్ళో మీటింగు పెట్టి చెప్పారు. ఆ రంగు వల్ల ఏ హానీ లేదని, తాగినా ఏమీ కాదని ఎంతో ఓపిగ్గా చెప్పారు. ముందుగా లేచింది మా పెద్దమ్మే.

"మా అమ్మోరి నీటిలో రంగేస్తావా తల్లీ? మీ ఇంటికాడ తాగే బిందెలో ఏసుకో ముందల. అప్పుడొచ్చి మాకు సెప్పు" అందట.

ఊరంతా ఆమె వైపే. మేడమ్ రంగు డబ్బా మూత తీయకుండానే కారులో పెట్టేశారు. రంగు లేకపోతే కళ్ళే దిక్కు కదా. లోపలికి దిగి, ఎక్కడ పగుళ్ళున్నాయో, దారి ఎటు పోతుందో ఫోటోలు తీయించి చూద్దామనుకున్నారు. అలా భావనపాడు అబ్బాయికీ నాకూ కబురొచ్చింది. దిగేది తన చెల్లెలి కూతురే అన్న సంగతి పెద్దమ్మకి తర్వాత తెలిసింది.

ముందురోజు మధ్యాహ్నం సామాను దింపి పెద్దమ్మ ఇంట్లో భోజనానికి కూచున్నాను. ఆమె నా ఎదురుగా కూచుని గాలి గొట్టం చేతిలోకి తీసుకుని వాసన చూసింది. నోట్లో పెట్టుకుని పీల్చమన్నాను. పీల్చి, బుస్సుమన్న చప్పుడికి ఉలిక్కిపడి ఊసేసింది.

"దీంతోనే ఊపిరాడాలా? ఆ తాడు పట్టుకునే రావాలా?"

"అదే తాడు పెద్దమ్మా."

"తెగిపోతేనో?"

"తెగితే నా ఫోటోకి ఫ్రేము నువ్వే కట్టించు. మన షాపే కదా" అన్నాను, పప్పులో అన్నం కలుపుతూ.

నాకది జోకు. మా స్టూడియోలో రోజూ నడిచే మాట. పెద్దమ్మ నవ్వలేదు. మజ్జిగ పోయడం మరిచిపోయి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కోపమొచ్చిందేమో, సాయంత్రానికి అదే తగ్గుతుందిలే అనుకున్నాను. సాయంత్రం ఆమె ఇంట్లో లేదు. వీధిలో ఆడవాళ్ళ దగ్గర కూచుని ఏదో మాట్లాడుతోందని చెప్పారు.

మర్నాడు పొద్దున్న మేం సామానంతా మోసుకుని బిలం దగ్గరికి వెళ్ళేసరికి డప్పు చప్పుడు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు పైకొస్తున్నారు. తడిసిన చీరలు, నెత్తి మీద ఖాళీ బిందెలు. మా వైపు అమ్మవారికి ముర్రాట పోస్తారు. బిందెలో నీళ్ళు, పసుపు, వేపాకు. ఎప్పుడూ బిలం బయట నిలబెట్టిన రాయి మీద పోసేవాళ్ళు. ఆ రోజు రాయి పొడిగా ఉంది. నేను లోపలికి తొంగి చూశాను. అద్దంలా ఉండాల్సిన నీళ్ళు పెళ్ళికూతురి మంగళస్నానం నీళ్ళలా ఉన్నాయి. మీద వేపాకులు తేలుతున్నాయి. ఊళ్ళో ఉన్న పసుపంతా అక్కడే ఉంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి ఆ ఊరికి ఆ రోజే తెలిసింది.

"పెద్దమ్మా! ఏటిది?" అని అరిచాను. "రంగొద్దని మేడమ్‌ని ఊరి మజ్జిన నిలబెట్టి కడిగేసినావు కదా! మరిదేటి? ఇది రంగు కాదా?"

"ఇది రంగేటే? పసుపు."

"బయట రాయి మీద కదా పోస్తారు ఎప్పుడూ!"

"బయట పోస్తే బయటున్నోళ్ళకి. నువ్వు లోపలికెళ్తన్నావు. మరి నీకెలాగ తగుల్తాది?"

 ఆ మాటకి నా కోపం ఇంకా పెరిగింది. నీ భక్తి పాడుగాను అన్నాను. మబ్బులు పట్టేస్తున్నాయి, వానలు పడితే మట్టినీళ్ళొచ్చి ఇక చలికాలం దాకా ఎవరూ దిగలేరు, ఈలోపు క్వారీకి అనుమతి వచ్చేస్తుంది, నీ ఊట నువ్వే ముంచుకున్నావు అన్నాను. పెద్దమ్మ ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని రాతి మీద కూచుంది. "నన్నేటైనా అను. నువ్వు మాత్రం పైకి రా" అంది.

మేడమ్ ఇంకో రాతి మీద తల పట్టుకుని కూచున్నారు. కాసేపు ఆగి చూద్దామన్నారు. ఆగాం. పసుపు కొంత అడుక్కి దిగింది గానీ నీళ్ళు తేటపడలేదు. చివరికి భావనపాడు అబ్బాయి లేచాడు. వాళ్ళది బాప్టిస్టు చర్చి కుటుంబం, దిగే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. పెద్దమ్మ అతన్ని చూసి తనూ చేతులు జోడించింది. ప్రార్థన అయ్యాక "తాడట్టుకుని ఎల్లి సూద్దామక్కా. కనపడకపోతే ఎనక్కొచ్చేద్దాం" అన్నాడు. నేను కెమెరాకి వేసే గట్టి పెట్టె మరోసారి తెరిచి, దాని రబ్బరు రింగు మీద వెంట్రుక కూడా లేకుండా తుడిచి మూశాను. అక్కడ ఒక్క వెంట్రుక అడ్డం పడినా కెమెరాలోకి నీళ్ళు పోతాయి. కోపంతో చేయకూడని పని అదొక్కటే.

లోపల లైటు వేస్తే చుట్టూ పసుపు తప్ప ఏమీ లేదు. నా చెయ్యి నాకే మసగ్గా కనపడుతోంది. ముందు అతని లైటు, మధ్యలో తాడు, వెనక నేను. నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినపడింది. బయటున్నప్పుడు ఊపిరిని ఎవరూ పట్టించుకోరు. లోపల అది తప్ప వేరే ఆస్తి లేదు. నా తలపైన కొండ ఉంది, ఆ కొండ అవతల పేలుళ్ళున్నాయి, ఈ మధ్యలో ఇంత ప్రశాంతత ఎలా మిగిలిందా అనిపించింది. చిన్నప్పుడు నేను తాగిన ఆ నీళ్ళు ఇంత చీకట్లోంచి నడిచొచ్చాయా అనుకున్నాను. నాకు తెలియకుండానే కోపం తగ్గింది.

ఒక ఫోటో తీశాను. అంతా పసుపు నలుసులు, పొగమంచులో వేసిన బస్సు లైట్లలా. తప్పు నాదే. వెలుగు ముఖం మీద సూటిగా పడాలి, నీడ పడితే పెళ్ళివారు ఊరుకోరని మా నాన్న నేర్పాడు. చేతికి అదే అలవాటు. మసక నీళ్ళలో సూటిగా వెలుగేస్తే ప్రతి నలుసూ మెరుస్తుంది, వెనక ఉన్నది కనపడదు. ఫ్లాష్ లైట్లు రెంటినీ వీలైనంత పక్కలకి జరిపాను. ఈసారి గోడలు తెలిశాయి.

కొంచెం ముందుకి వెళ్ళాక దారి రెండుగా చీలింది. ఎడమది పొలాల వైపు. కుడిది కొండలోకి, క్వారీ ఉన్న వైపు. ముందు ఎడమ వైపు వెళ్ళాం. అక్కడ పసుపు తెరలా వేలాడుతోంది. ఎటూ కదలడం లేదు. కొంచెం లోపల రాయి మూసుకుపోయింది. వెనక్కి వచ్చి కుడి వైపు తిరిగాం. తిరగ్గానే అతను ఆగిపోయాడు. నేను అతని పక్కకి వచ్చి చూశాను.

పసుపు అక్కడితో ఆగిపోయింది. గీత గీసినట్టు ఒకవైపు పసుపు, రెండోవైపు తేట. రాతిలో వాలుగా ఒక పగులుంది, చేతులు రెండూ పట్టేంత. దాని ముందంతా స్వచ్ఛమైన నీరు, లోపలి రాయి గరుకు కూడా కనపడుతోంది. చెయ్యి పెట్టాను. చల్లగా, మెత్తగా తోసింది. కొండలోంచి వస్తున్న నీరు పసుపుని ఒత్తి పక్కకి నెడుతోంది. ఎక్కడి నుంచో ఒక వేపాకు కొట్టుకొచ్చి ఆ గీత దాకా వెళ్ళింది, ఆగింది, గుండ్రంగా తిరిగి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

నీళ్ళు మామూలుగా తేటగా ఉండుంటే ఆ పగులు ముందు నుంచే నేను ఈదుకుంటూ వెళ్ళిపోయి ఉండేదాన్ని. అదొక పగులు, అలాంటివి గోడ నిండా ఉన్నాయి. కదిలే తేటనీటినీ నిలిచిన తేటనీటినీ ఏ కెమెరా వేరుగా చూపించలేదు. అది తెలిసిన క్షణంలో నాకు ఏడుపొచ్చింది. మాస్కులో ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు. ముక్కు ఎగబీల్చుకుంటూ, కాళ్ళు కదపకుండా, వేపాకు గీత మీదికొచ్చేదాకా ఆగి తీశాను. అది వెనక్కి తిరిగేటప్పుడు తీశాను. ఇంకా తీయాలనే ఉంది. అతను గాలి మీటరు నా కళ్ళ ముందు పెట్టాడు. పోవడానికున్న వంతు అయిపోయింది. తాడు పట్టుకుని తిరిగాం.

పైకి తేలేసరికి పెద్దమ్మ నీళ్ళ అంచునే ఉంది, పాదాలు తడుస్తున్నా పట్టించుకోకుండా. నన్ను చూసి లేవబోయి లేవలేక మళ్ళీ కూచుంది. పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదని తర్వాత తెలిసింది. నేను ముఖం మీది మాస్కు తీసేసి, ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాను. క్షమించమని నోటితో అనడం మా ఇళ్ళలో లేదు. ఆమె నా తడి జుట్టులోంచి ఒక వేపాకు తీసి కళ్ళకద్దుకుంది.

మేడమ్ కెమెరా తెర మీద ఫోటో పెద్దది చేసి, ఆ గీత వెంబడి వేలు పోనిచ్చారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. "కాగల కార్యం గంధర్వులే తీర్చారు" అన్నారు.

"ఏటంటాది?" అంది పెద్దమ్మ.

"నీ పసుపు పనికొచ్చిందంటన్నారు."

"పసుపు పనికిరాకపోడమేటి?" అని ఆమె మేడమ్ వైపు జాలిగా చూసింది.

ఫోటో ఒక్కటే చాలదని మేడమ్ ముందే చెప్పారు. కానీ నీటి వేగం ఎక్కడ కొలవాలో తెలిసింది కదా. వానలు పడేలోపే మరో రోజు ఆ పగులు దగ్గర ఒక పరికరం బిగించి వచ్చాం. ఆమె రిపోర్టు, దాని మొదటి పేజీలో వేపాకు ఫోటో, పై అధికారులకి వెళ్ళాయి. ఇవతలి వైపు తవ్వకం ప్రస్తుతానికి ఆపమన్నారు. వచ్చే ఎండాకాలం దాకా కొలిచి, ఊట సంగతి తేలాక నిర్ణయిస్తామన్నారు. అవతలి వైపు పేలుళ్ళు మాత్రం ఆగలేదు. అది పాత అనుమతి.

ఊరివాళ్ళు ఆ ఫోటో పెద్దది చేయించి పంపమన్నారు. స్టూడియోలో నేనే ఫ్రేము కట్టి బస్సులో పంపించాను. ఆ తర్వాత పెళ్ళిళ్ళ పనిలో పడి వెళ్ళడం కుదరలేదు. చలికాలంలో ఒక పొద్దున్న వెళ్ళాను. బిలం పక్కన కొత్తగా కట్టిన చిన్న గుడి, లోపల అమ్మవారి రాయి, దాని వెనక గోడకి నా ఫోటో. అద్దం మీద సరిగ్గా ఆ పగులు ఉన్నచోట కుంకుమ బొట్టు. ఫ్రేముకి బంతిపూల దండ.

 మా నాన్న షాపులో పెరిగినదాన్ని. దండ వేసిన ఫోటో ఏదైనా ముందు నాకు పోయినవాళ్ళే గుర్తొస్తారు.

"పెద్దమ్మా, ఇది ఏ దండ?" అన్నాను.

నా మాట ఆమెకి అర్థమైంది. జవాబు చెప్పబోయింది. అంతలో కొండ అవతల పేలుడు. కాళ్ళ కింద నేల అదిరింది, గోడ మీద ఫ్రేము గడగడలాడింది. పెద్దమ్మ అరచెయ్యి ఫ్రేము మీద ఆనించి, అది నిమ్మళించేదాకా, ఏడ్చే పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది. జారిన దండ సర్దింది.

"ఇప్పటికి అమ్మోరికే ఏసినాను" అంది. "ఎండాకాలం ఎల్లనీ. అప్పుడు సెప్తాను."